పాత ఔట్‌బోర్డ్ మోటారుకు ఆయిలు ఎంత, పెట్రోలు ఏది?

ప్రశ్న: మా మేనమామ వాడిన, పడవ వెనక తగిలించే పాత ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డ్ మోటారు ఒకటి నా చేతికి వచ్చింది. రెండు సిలిండర్లది. మోడల్ నంబరు రేకు అరిగిపోయి చదవడానికి వీలు లేకుండా ఉంది. 1950ల చివరిదో 1960ల మొదటిదో అయి ఉంటుందని ఇంట్లో అంటారు. పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలని అడిగితే ఒకరు 50:1 (50 వంతుల పెట్రోలుకు ఒక వంతు ఆయిలు) అన్నారు, ఒక మెకానిక్కు 25:1 అన్నారు, ఒక పెద్దాయన ఆయిలు 16:1 పాళ్ల కంటే తగ్గించవద్దన్నారు. ఇప్పటి ఆయిళ్లు మెరుగైనవి కాబట్టి పాత లెక్కలు అక్కర్లేదని ఇంకొకరి మాట. మోటారు సైకిళ్లకు వాడే టూ-టీ ఆయిలు నా దగ్గర ఉంది, అది పోయవచ్చా? ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ మోటారుకు సరిపడుతుందా, లేక ఖరీదైన అధిక ఆక్టేన్ పెట్రోలు కొనాలా? మామయ్య ఆయిలు కలిపి ఉంచిన పెట్రోలు డబ్బాలో ఇంకా సగం ఉంది. దాన్ని ఏం చేయాలి?

సమాధానం: మీకు అంకె చెప్పిన ముగ్గురూ ఏదో ఒక మోటారు విషయంలో నిజమే చెప్పారు, ఆ మోటారు మీదేనా అని మాత్రం ఎవరూ చూడలేదు. ఆయిలు పాళ్లను నిర్ణయించేది ఇంజను లోపల క్రాంక్‌షాఫ్టునూ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు), దానికి పిస్టన్లను కలిపే కనెక్టింగ్ రాడ్లనూ మోస్తున్న బేరింగుల రకం. ఆయిలు డబ్బా మీద అచ్చేసిన అంకెకు గానీ, నలుగురూ పాటించే అలవాటుకు గానీ ఆ అధికారం లేదు. కాబట్టి ముందు బేరింగుల సంగతి తేల్చుకుని, ఆ తరువాత ఆయిలు రకానికి, చివరగా పెట్రోలుకు వద్దాం.

కారు ఇంజనులో ఆయిలు అడుగున నిలువ ఉండి, పంపు ద్వారా భాగాలన్నిటికీ చేరి, మళ్లీ కిందికి దిగుతుంది. టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారులో అటువంటి ఏర్పాటుకు చోటు లేదు, ఎందుకంటే పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేస్ గదే గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చి, నొక్కి, సిలిండరులోకి నెట్టే పంపుగా పనిచేస్తుంది. కార్బురేటర్ నుంచి వచ్చిన మిశ్రమం ఆ గదిలోకి ప్రవేశించగానే పెట్రోలులో చాలా భాగం ఆవిరవుతుంది. ఆయిలు మాత్రం సన్నని తుంపరగా మిగిలి బేరింగులకూ సిలిండరు గోడలకూ అంటుకుంటుంది, కొంతసేపటికి తానూ కాలి పొగతో పాటు బయటికి పోతుంది. అంటే ఇంజను తిరుగుతున్నంత సేపూ కొత్తగా వచ్చే ఆ కాస్త ఆయిలే దానికి ఆధారం. నిలువ అంటూ లోపల ఏదీ ఉండదు.

ఇక బేరింగులు. తొలి తరాల మోటార్లలో క్రాంక్‌షాఫ్టు కంచు బుష్‌లలో (గొట్టం వంటి తొడుగులలో) తిరిగేది. బుష్‌కూ షాఫ్టుకూ మధ్య ఉండే సన్నని ఎడమంతా ఆయిలు పొరతో నిండి ఉండాలి. ఆ పొర తెగిన చోట లోహం లోహాన్ని రాసుకుంటుంది. తరువాతి తరంలో వచ్చిన నీడిల్ బేరింగులలో సూదుల వంటి సన్నని ఉక్కు రోలర్లు షాఫ్టు చుట్టూ వరుసగా పేర్చి ఉంటాయి. అక్కడ భాగాలు రాసుకోవడం కంటే దొర్లడమే ఎక్కువ కనుక, వాటిని తడిగా ఉంచేటంత ఆయిలు ఉంటే చాలు. 16:1కూ 50:1కూ మధ్య ఇంత దూరం ఏర్పడడానికి ప్రధాన కారణం ఇదే. ఆయిళ్ల నాణ్యత పెరగడం దానికి తోడైన రెండవ కారణం మాత్రమే.

బుష్‌లోని ఆయిలు చేసే ఇంకొక పనిని చాలామంది గమనించరు. క్రాంక్‌షాఫ్టు చివరల ఇప్పటివంటి రబ్బరు సీళ్లు లేని పాత మోడళ్లలో, క్రాంక్‌కేస్‌లోని ఒత్తిడి బయటికి పోకుండా ఆపేది బుష్‌లో నిలిచిన ఆయిలు పొరే. అటువంటి మోటారులో ఆయిలు తగ్గిస్తే, అరుగుదల బయటపడేలోపే ఒత్తిడి జారిపోవడం మొదలవుతుంది. తాడు ఎంత లాగినా మోటారు అందుకోదు, అందుకున్నా నెమ్మది వేగంలో నిలవదు. అప్పుడు మనం ప్లగ్గులనూ కాయిళ్లనూ అనుమానించి మార్చుకుంటూ పోతాం.

ఇప్పటి ఆయిళ్లు మెరుగైనవి కాబట్టి పాత లెక్కలు అక్కర్లేదన్న మాటకు జవాబు ఇందులోనే ఉంది. ఆయిళ్లు మెరుగైన మాట వాస్తవం. అవి శుభ్రంగా కాలుతాయి, మసి తక్కువ చేస్తాయి, పెట్రోలులో సులువుగా కలుస్తాయి. అయితే బుష్‌కు కావలసింది ఆయిలు నాణ్యతతో పాటు దాని పరిమాణం కూడా. ఎడం నింపవలసిన చోట సగం ఆయిలే చేరితే, ఆ సగం ఎంత గొప్పదైనా సగమే. బుష్‌లున్న మోటారుకు కొత్త ఆయిలునే పోయండి, పాత పాళ్లలోనే పోయండి. పాత పాళ్లు ఉంచుకుని కూడా కొత్త ఆయిలు వల్ల పొగ, మసి కొంత తగ్గుతాయి కనుక లాభం మీకు ఎటూ దక్కుతుంది.

మీ మోటారు ఏ తరానిదో తేల్చడానికి నంబరు రేకు ఒక్కటే దారి కాదు. ఎవిన్‌రూడ్, జాన్సన్ అన్నదమ్ముల వంటి పేర్లు. ఆ రెండూ ఒకే సంస్థ కింద తయారైనవి కనుక ఒకదాని లెక్క రెండోదానికీ వర్తిస్తుంది. వాటిలో చాలా మోడళ్లకు 1964 నుంచి 50:1 నిర్ణయించారు. అంతకు ముందు, 1950లలో వచ్చిన నీడిల్ బేరింగుల మోటార్లకు 24:1 చెప్పేవారు. ఇంకా వెనక్కి వెళితే, పెట్రోలు ట్యాంకు మోటారు తల మీదే అమర్చి ఉండి, ఫ్లైవీల్‌కు (ఇంజను పైనుండే బరువైన చక్రం) చేతితో తాడు చుట్టి లాగవలసిన కాలపు మోటార్లలో బుష్‌లు ఉండడమే ఎక్కువ. వాటికి 16:1 కంటే పలుచన చేయకూడదు. మీ ప్రాంతపు మెకానిక్కు చెప్పిన 25:1, పుస్తకాలలోని 24:1 ఆచరణలో ఒకటే.

మీ మోటారుకు విడిగా మోసుకుపోయే ట్యాంకు ఉంటే, దాని నుంచి వచ్చే గొట్టాన్ని చూడండి. పక్కపక్కన అతికిన రెండు గొట్టాలు ఉంటే అది 1950ల నాటి ఒత్తిడి ట్యాంకు పద్ధతి: ఒక గొట్టం మోటారు నుంచి ట్యాంకులోకి గాలి ఒత్తిడిని పంపుతుంది, ఆ ఒత్తిడికి రెండో గొట్టం గుండా పెట్రోలు పైకి వస్తుంది. అటువంటప్పుడు 50:1 మీ లెక్క కాదని నిశ్చయంగా చెప్పవచ్చు, 24:1 మీది. ఒకే గొట్టం, మోటారు పక్కన పలుచని పొర ఊగుతూ పెట్రోలు లాగే చిన్న డయాఫ్రం పంపు ఉన్నాయంటే కాలం కొంచెం ముందుకు జరుగుతుంది కానీ, ఆ ఒక్క గుర్తుతో అది 1964కు ముందుదో తరువాతిదో తేలదు, ఎందుకంటే పాత మోటార్లకు ఆ పంపును తరువాత అమర్చుకున్నవారు కూడా చాలామంది ఉన్నారు. అప్పుడు మోటారు పైమూత మీది హార్స్‌పవర్ అంకె, మూత ఆకారం, రంగులు ఆధారంగా మోడల్ సంవత్సరం గుర్తించి, ఆ మోడల్ విడిభాగాల పటంలో క్రాంక్‌షాఫ్టు దగ్గర ఏ బేరింగులు చూపారో చూడండి. ఇదంతా తేలేవరకు 24:1 వాడండి. ఒకవేళ అది 50:1 మోటారే అయినా ఆ కాస్త ఎక్కువ ఆయిలు వల్ల కలిగే నష్టం ప్లగ్గులు శుభ్రం చేసుకోవడంతో తీరిపోతుంది. 24:1 మోటారుకు 50:1 పోయడం వల్ల కలిగే నష్టం మాత్రం క్రాంక్‌షాఫ్టుతో గానీ తీరదు.

వేరే పేరున్న మోటార్లు ఉన్నవారికి కూడా రెండు మాటలు చెప్పాలి. బ్రిటిష్ సీగల్ పాత మోడళ్లకు తయారీదారు చెప్పింది ఏకంగా 10:1. తరువాతి మోడళ్లకు అది 25:1 అయింది. 1980లలో యమహా తన మోటార్లలో చాలావాటికి 100:1 చెప్పింది. ఆ కాలంలో మరికొందరు తయారీదారులు కూడా 100:1 చెప్పి, తరువాత 50:1కి తిరిగి వచ్చారు. 100:1 అంటే లీటరుకు 10 మిల్లీలీటర్లే. కొలతలో చిన్న పొరపాటుకు కూడా అందులో చోటు లేదు. మోటారు నెలల తరబడి కదలకుండా ఉంటే లోపలి ఉక్కు భాగాలను తుప్పు నుంచి కాపాడే పొర కూడా అందులో పలుచనే. రోజూ నడిచే మోటారుకు అది ఎలా ఉన్నా, అప్పుడప్పుడు బయటికి తీసే పాత మోటారుకు నేను 50:1 కంటే పలుచన చేయను. ఇక 1980ల మధ్య నుంచి వచ్చిన కొన్ని మోటార్లలో ఆయిలు వేరే ట్యాంకు నుంచి పంపు ద్వారా దానంతట అదే కలుస్తుంది. ఆ పంపు పనిచేస్తున్నదో లేదో తెలియకుండా కొన్న పాత మోటారులో దాన్ని నమ్మడం కంటే, పద్ధతి ప్రకారం దాన్ని తప్పించి పెట్రోలులోనే ఆయిలు కలుపుకోవడం మేలు. ఫోర్-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటార్లకు ఈ చర్చంతా వర్తించదు. వాటి పెట్రోలులో ఆయిలు కలపనే కూడదు.

ఇప్పుడు కొలత. 50:1 అంటే 50 వంతుల పెట్రోలుకు ఒక వంతు ఆయిలు; లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 24:1 అయితే లీటరుకు 42, అంటే 10 లీటర్లకు సుమారు 420 మిల్లీలీటర్లు. 16:1 అయితే లీటరుకు 62.5, సీగల్ వారి 10:1 అయితే ఏకంగా 100. పాత మోటార్ల పుస్తకాలలో, ట్యాంకుల మూతల మీద ఈ లెక్క గాలన్లలో, పింట్లలో ఉంటుంది. అమెరికా గాలను 3.785 లీటర్లు, బ్రిటన్ గాలను 4.546 లీటర్లు అని కంగారు పడనక్కర లేదు, ఎందుకంటే రెండు చోట్లా గాలనుకు ఎనిమిది పింట్లే. గాలనుకు అర పింటు అంటే ఎక్కడైనా 16:1, పింటులో మూడో వంతు అంటే 24:1. ఆరు గాలన్లకు ఒక పింటు అంటే 48:1, దాన్నే గుండు చేసి 50:1 అంటారు. ఔన్సుల దగ్గరే జాగ్రత్త అవసరం. గాలనుకు 8 ఔన్సులు అనే మాట అమెరికా పుస్తకంలో ఉంటే 16:1. అదే మాటను బ్రిటన్ గాలనుతో కొలిస్తే 20:1 అవుతుంది, ఎందుకంటే అక్కడ పింటుకు 16కు బదులు 20 ఔన్సులు.

ఆయిలు ఎక్కువైతే ఏమీ కాదన్న ధీమా కూడా పూర్తిగా సరైనది కాదు. ఎక్కువైన ఆయిలు ప్లగ్గుల మీద తడిగా పేరుకుని నిప్పురవ్వను మింగేస్తుంది, ఎగ్జాస్ట్ దారులలో మసి కడుతుంది, పిస్టన్ రింగులను వాటి గాడులలో అంటించేస్తుంది. నీటి మీద రంగురంగుల తెట్టు తేలుతుంది. అది నీళ్లకూ మంచిది కాదు, చూసేవారికీ బాగుండదు. దీనికి తోడు ఒక విచిత్రం ఉంది: కార్బురేటర్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) గుండా వెళ్లే ద్రవంలో ఆయిలు భాగం పెరిగిన కొద్దీ పెట్రోలు భాగం తగ్గుతుంది, ద్రవం కాస్త చిక్కబడి నెమ్మదిగా ప్రవహిస్తుంది కూడా. గాలి మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన ఈ స్థితినే మెకానిక్కులు లీన్ అంటారు. లీన్ అయిన ఇంజను వేడెక్కుతుంది. ప్రభావం చిన్నదే అయినా, 50:1కి సరిచేసి ఉన్న కార్బురేటరుకు 16:1 పోస్తే ప్లగ్గులు ఒకవైపు తడిసిపోతూ, ఇంకోవైపు ఇంజను బలం తగ్గి నడవడం కనిపించవచ్చు. భయం కొద్దీ రెట్టింపు పోయడం వలన రక్షణ రెట్టింపు కాదు.

ఆయిలు రకం విషయంలో నా జవాబు సూటిగా ఉంటుంది: మీ దగ్గర ఉన్న మోటారు సైకిలు టూ-టీ ఆయిలు ఈ మోటారులో పోయవద్దు. ఔట్‌బోర్డ్ మోటార్ల కోసం అమెరికాలోని నేషనల్ మెరైన్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ నిర్ణయించిన ప్రమాణం టీసీ-డబ్ల్యూ3. ఆ అక్షరాలకు టూ-స్ట్రోక్, నీటితో చల్లబడే ఇంజను అని అర్థం. మోటారు సైకిళ్లు, రంపాలు గాలితో చల్లబడతాయి, ఎక్కువ వేడిలో నడుస్తాయి. వాటి ఆయిళ్లలో ఆ వేడికి తట్టుకునేలా కొద్దిపాటి లోహ లవణాలున్న శుద్ధి పదార్థాలు ఉంటాయి, అవి కాలినప్పుడు బూడిద మిగులుతుంది. ఔట్‌బోర్డ్ మోటారు చల్లని నీటిని నిరంతరం తోడుకుంటూ తక్కువ వేడిలో, కానీ గంటల తరబడి ఒకే వేగంలో భారం మోస్తూ నడుస్తుంది. తక్కువ వేడిలో ఆ బూడిద పూర్తిగా ఎగిరిపోక పిస్టన్ తల మీద, ప్లగ్గు మీద గట్టిపడుతుంది. ఎర్రగా కాలిన ఆ గడ్డ ప్లగ్గు రవ్వ కంటే ముందే మిశ్రమాన్ని అంటించగలదు, అలా అకాలంలో మండితే పిస్టన్ కరిగి రంధ్రం పడే వరకు పోవచ్చు. టీసీ-డబ్ల్యూ3 ఆయిలులో బూడిద మిగిల్చే లోహాలు ఉండవు. ఆ గుర్తు డబ్బా మీద ఉంటే అది ఏ కంపెనీదన్నది నాకు ముఖ్యం కాదు. మోటారు తయారీదారు పేరుతోనే అమ్మే ఖరీదైన డబ్బా కొననందుకు మోటారు అలగదు.

కారు ఇంజను ఆయిలు సంగతి ఇంకా స్పష్టం. అందులో జింకు, కాల్షియం సమ్మేళనాలు ఇంకా ఎక్కువ, అది పెట్రోలులో అంత సులువుగా కలవదు. పాత పుస్తకాలలో ఎస్ఏఈ 30 ఆయిలు (ఆ అంకె ఆయిలు చిక్కదనాన్ని చెబుతుంది) అని కనిపిస్తే, అది టీసీ-డబ్ల్యూ ప్రమాణాలు పుట్టక ముందు రాసిన మాటగా గ్రహించండి. అప్పటి ఎస్ఏఈ 30లో చాలావరకు శుద్ధి పదార్థాలు కలపనే లేదు. ఇప్పుడు అదే అంకెతో దొరికే కారు ఆయిలు వేరే సరుకు. నీటిలో మునిగి ఉండే గేరుబాక్సుకు వేరే ఆయిలు ఉంటుంది, దానికీ ఈ లెక్కకూ సంబంధం లేదు.

పెట్రోలు విషయంలో ఖరీదైన అధిక ఆక్టేన్ రకం మీకు అక్కర లేదు. ఆక్టేన్ అంకె పెట్రోలు బలాన్ని గానీ శుభ్రతను గానీ చెప్పదు. ఒత్తిడికి తనంతట తాను పేలకుండా ఎంత ఓర్చుకోగలదో చెబుతుంది. 1950లలో దొరికిన మామూలు పెట్రోలు ఆక్టేన్ ఇప్పటి మామూలు పెట్రోలు కంటే తక్కువే, మీ మోటారు నొక్కుడు నిష్పత్తిని దానికి సరిపడేలా తక్కువగా ఉంచారు. కనుక ఇప్పటి సాధారణ పెట్రోలుకే అది అవసరానికి మించిన రక్షణ పొందుతుంది. సీసం కలిసిన పెట్రోలు పోయింది కదా, పాత ఇంజను దెబ్బతింటుందేమో అనే అనుమానం కూడా కొందరికి ఉంటుంది. సీసం లేకపోతే అరిగేది ఫోర్-స్ట్రోక్ ఇంజను ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటు. మీ మోటారులో అటువంటి వాల్వులే లేవు. సీసం వల్ల దీనికి ప్లగ్గులు పాడవడమే తప్ప ఒరిగింది లేదు.

అసలు ఆలోచించవలసింది ఇథనాల్ గురించి. దొరికితే ఇథనాల్ కలవని పెట్రోలు వాడండి, దానికి కాస్త ఎక్కువ వెల పెట్టినా తప్పు లేదు. దొరకకపోతే ఇ10తో, అంటే పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో నడిపించవచ్చు కానీ, ముందు కొన్ని భాగాలు చూసుకోవాలి. పాత గొట్టాలు, పంపు డయాఫ్రం, పెట్రోలు ఎక్కించడానికి చేతితో నొక్కే ప్రైమర్ గుండు లోపలి కవాటాలు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి మెత్తబడి ఉబ్బుతాయి, లోపలి పొర ఊడి జెట్టుకు అడ్డుపడుతుంది. మీ మోటారు కాలపు కార్బురేటర్లలో ఫ్లోట్ (పెట్రోలు మీద తేలుతూ, మట్టం నిండగానే రాకను ఆపించే ముక్క) బెండుతో చేసి, పైన లక్క పూత పూసి ఉంచేవారు. లక్క పెట్రోలులో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. పూత పోయిన బెండు పెట్రోలు పీల్చుకుని బరువెక్కి మునుగుతుంది, ఫ్లోట్ మునిగితే పెట్రోలు ఆగకుండా పొంగి పారుతుంది. కాబట్టి కార్బురేటరు విప్పి, బెండు ఫ్లోట్ ఉంటే ఇప్పుడు దొరికే ప్లాస్టిక్ రకంతో మార్చండి. విప్పారు కనుక ఫ్లోట్ కదిలించే నీడిల్, అది కూర్చునే సీటు, గ్యాస్కెట్లు కూడా మార్చేయండి. దాంతో పాటు ట్యాంకు నుంచి మోటారు వరకు గొట్టమంతా ఇథనాల్‌కు తట్టుకునే కొత్త రకంతో మార్చడం ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే ఖర్చులలో అన్నిటికంటే సార్థకమైనది.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుందని అందరూ చెబుతారు; టూ-స్ట్రోక్ మోటారుకు ఆ సంగతి ఎందుకు అంత ప్రమాదకరమో చెప్పేవారు తక్కువ. ఇ10 తనలో సుమారు అర శాతం వరకు నీటిని కరిగించుకోగలదు. 20 లీటర్ల ట్యాంకులో అది సుమారు 100 మిల్లీలీటర్లు. చల్లబడితే ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. ఆ హద్దు దాటగానే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి, పైన ఇథనాల్ పోయిన పెట్రోలు నిలుస్తుంది. మనం కలిపిన ఆయిలు ఎటు పోతుంది? అది పెట్రోలులో కరిగేదే కానీ నీటిలో, ఇథనాల్‌లో కరిగేది కాదు, కనుక పై పొరలోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం మాత్రం అడుగునే ఉంటుంది. అంటే మీరు 24:1 ఎంత శ్రద్ధగా కొలిచి పోసినా, విడిపోయిన ట్యాంకు నుంచి ఇంజనుకు మొదట అందేది ఆయిలు చుక్క కూడా లేని నీరూ ఇథనాలూ. అదృష్టం బాగుంటే ఇంజను అందుకోకుండా మొరాయిస్తుంది. లేకపోతే కాసేపు నడిచి పట్టేస్తుంది. ట్యాంకు మూత వర్షంలో తెరిచి ఉంచకపోవడం, సగం ట్యాంకుతో నెలల తరబడి వదిలేయకపోవడం వంటి చిన్న అలవాట్లే ఇక్కడ ఆయిలు పాళ్లంత ముఖ్యం.

ఇథనాల్ వల్ల ఇంజను కొంత లీన్ కూడా అవుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కార్బురేటరుకు ఈ తేడా తెలియదు కనుక ఎప్పటి గాలినే పంపుతుంది. ఇ10తో ఈ తేడా కొద్దిపాటిదే, ఇ20తో దాదాపు రెట్టింపవుతుంది; పాత మోటారుకు ఇ20 నేను సిఫారసు చేయను. మీ మోటారు కాలపు ఎవిన్‌రూడ్ కార్బురేటర్లలో చాలావాటి మీద నెమ్మది వేగానికీ పూర్తి వేగానికీ వేరువేరుగా తిప్పే సూదులు ఉంటాయి. నడుస్తున్నప్పుడు కార్బురేటరు నోటి నుంచి తుమ్మినట్టు చప్పుడు వస్తే అది లీన్ అయిందనడానికి గుర్తు. సంబంధిత సూదిని ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తెరుస్తూ, ప్రతిసారీ కాసేపు నడిపి చూస్తూ, తుమ్ములు ఆగి వేగం నిలకడగా ఉన్న చోట ఆపండి. పూర్తి వేగపు సూది విషయంలో ఆ స్థానానికి మరికాస్త తెరిచి ఉంచడం క్షేమం.

కలిపే విధానంలో ఒక్కటే సూత్రం: కొలత ముందు, పోయడం తరువాత. డబ్బాను నేల మీద పెట్టి, ఎక్కడా మంట, సిగరెట్టు లేని ఆరుబయట, ముందు రెండు మూడు లీటర్ల పెట్రోలు పోసి, దానిలో మొత్తానికి సరిపడే ఆయిలు పోసి, మూత బిగించి బాగా ఊపి, ఆ తరువాత మిగతా పెట్రోలు నింపి మళ్లీ ఊపండి. ఆయిలు చివరన పోస్తే అది చల్లని రోజుల్లో అడుగున ముద్దలా నిలిచిపోవచ్చు. పడవలో కూర్చుని కలపకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, పడవ అడుగున చేరి కనబడకుండా పొంచి ఉంటుంది. ఆయిలు కలిపిన డబ్బానూ ఉత్త పెట్రోలు డబ్బానూ ఎన్నడూ ఒకే రంగులో ఉంచుకోకండి. నేను ఒకసారి అవతలి డబ్బా అనుకుని ఉత్త పెట్రోలుతో మోటారు నడిపాను; పూర్తి వేగంలో పది నిమిషాలలోపే ఇంజను కీచుమని పట్టేసింది, సిలిండరు బోరింగు చేయించి కొత్త పిస్టన్ వేయవలసి వచ్చింది. ఆ రోజు నుంచి నా డబ్బాలు ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

ఒత్తిడి ట్యాంకు ఉన్నదైతే అదనంగా ఒక హెచ్చరిక. దానిలో పెట్రోలు ఎప్పుడూ ఒత్తిడి మీద ఉంటుంది కనుక, గొట్టంలో చిన్న చీలిక పడినా పెట్రోలు కారదు, చిమ్ముతుంది. పాత రబ్బరు మూతలు, గొట్టాలు మార్చకుండా దాన్ని ఒక్కసారి కూడా వాడవద్దు. దాన్ని పక్కన పెట్టి, డయాఫ్రం పంపు అమర్చి, మామూలు ఒంటి గొట్టం ట్యాంకుకు మారడాన్ని నేను పాత వస్తువు మీద అపచారంగా భావించను.

మోటారు ఎంతకాలం కదలకుండా ఉందో మీరు రాయలేదు. ఏడాదికి మించి ఉంటే, మొదటిసారి లాగే ముందు రెండు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క సిలిండరులో టీసీ-డబ్ల్యూ3 ఆయిలు ఒక చెంచా పోసి, ఫ్లైవీల్‌ను చేతితో నెమ్మదిగా నాలుగైదు చుట్లు తిప్పండి. మొదటి ట్యాంకు పెట్రోలుకు మాత్రం 16:1 కలపండి, పొగ వచ్చినా పట్టించుకోకండి. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరును (నీటిని తోసే రెక్కల చక్రం) కూడా అప్పుడే మార్చండి. ఆయిలు తక్కువై పట్టేసిందని చెప్పే ఇంజనులలో ఎన్నిటిలోనో అసలు దోషం నీరు ఎక్కకపోవడమే. మొదటి రెండు మూడు గంటలు నడిచాక ప్లగ్గులు విప్పి చూడండి. 24:1తో నడిచే మోటారులో అవి ముదురు గోధుమ రంగులో, కాస్త తడిగా ఉండడం సహజం. కారు ప్లగ్గుల్లా లేత రంగులో పొడిగా లేవని ఆయిలు తగ్గించకండి. తెల్లగా, బొబ్బలు వచ్చినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే ఆపి కార్బురేటరు చూడండి. అది దాదాపు ఎప్పుడూ లీన్ వల్ల వచ్చేదే కానీ ఆయిలు పాళ్ల వల్ల కాదు.

ఇక మామయ్య డబ్బాలోని సగం పెట్రోలు. దానిలో ఆయిలు ఎంత కలిపారో, ఎప్పుడు కలిపారో మీకు తెలియదు, అందువల్ల దానిని కొత్త పెట్రోలుతో పలుచన చేసి వాడే ఆలోచన వద్దు. నిలువ పెట్రోలులో మొదట ఆవిరయ్యేది ఇంజను అందుకోవడానికి పనికివచ్చే తేలిక భాగం; మిగిలేది చిక్కబడి, జిగురుగా మారి జెట్లలో పేరుకుంటుంది. ఇథనాల్ కలిసిన మిశ్రమాన్ని నేను నెల దాటి ఉంచను, స్థిరీకరణ ద్రవం కలిపితే మరికొన్ని నెలలు ఆగుతుంది. ఇథనాల్ లేనిది మూత గట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ పాత పెట్రోలును కాలువలో గానీ మట్టిలో గానీ పారబోయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి. తరువాత డబ్బాలో కొద్దిగా కొత్త పెట్రోలు పోసి ఊపి, తెల్లని గుడ్డ మీద వంపి చూడండి. గుడ్డ మీద ఎర్రని తుప్పు పొడి గానీ తేనె రంగు జిగురు గానీ కనిపిస్తే డబ్బాను కూడా మార్చేయండి. కొత్త డబ్బా మూత మీద చెరగని రంగుతో 24:1 అని, దాని కింద చిన్న చీటీ మీద కలిపిన తేదీ రాసి ఉంచండి. మోడల్ ఏదో తేలిన రోజున ఆ అంకె మార్చవలసి వస్తే, దానికి ముందు డబ్బా పూర్తిగా ఖాళీ చేయండి.